నర్సమ్మగారి జర్మనీ నోట్లు

రేపల్లె నర్సమ్మగారు పోయారని ఫోను వచ్చేసరికి నేను తెనాలిలో చెవి మిషన్లు అమ్మే షాపు ముందు చెప్పులు విడుస్తున్నాను. ఫోను చేసింది ఆవిడ మేనకోడలు. "పొద్దున ఆరింటికండి. టీ తాగి గ్లాసు కింద పెట్టి గోడకి ఆనుకుని కూచుంది. అలాగే పోయింది. ఏమీ బాధ పళ్ళేదండి" అంది. వస్తున్నానమ్మా అన్నాను. ఇంతలో షాపులో అమ్మాయి అద్దాల తలుపు తీసి, "రండి సార్, సోమవారం పెద్దావిడని తీసుకొస్తానన్నారు కదా, టైము రాసుకోమంటారా?" అని అడిగింది. వద్దమ్మా అన్నాను. చెప్పులు మళ్ళీ తొడుక్కుని స్టేషను వైపు నడిచాను.

ఎనభై ఏడేళ్ళ మనిషి మంచాన పడకుండా, ఎవరిచేతా చేయించుకోకుండా పోతే దానికింత కుమిలిపోవడం ఏంటని మా ఇంట్లోవాళ్ళే అంటున్నారు. నిజమే. నా ఏడుపు ఆవిడ పోయినందుకు కాదు. ఆవిడ చివరి పదిహేనేళ్ళూ చెవులు వినబడకుండా బతికారు. ఆ చెవులకు కావలసిన డబ్బు ఆ పదిహేనేళ్ళూ మా ఇంట్లో, నా బీరువాలో, ప్లాస్టిక్ కాగితం కింద భద్రంగా ఉంది. ఆ సంగతి రాయకుండా ఆవిడ గురించి ఎన్ని మంచి మాటలు రాసినా అది దొంగ నివాళే అవుతుంది. అందుకని అదే రాస్తున్నాను.

రేపల్లెలో అప్పట్లో ఒక చిన్న క్రైస్తవ మిషను ఆస్పత్రి ఉండేది. ఇప్పుడు లేదు. నర్సమ్మగారు అందులో ముప్పై ఏళ్ళకు పైగా పురుళ్ళు పోశారు. ఆవిడకో పేరు ఉంది కానీ రేపల్లెలో గానీ చెరుకుపల్లిలో గానీ ఆ పేరు చెప్పి అడిగితే ఎవరూ ఇల్లు చూపించరు. నర్సమ్మగారంటే ఆవిడొక్కరే. కడుపులో బిడ్డ గుండె వినడానికి అప్పట్లో ఒక అల్యూమినియం గొట్టం వాడేవారు, జానెడు ఉంటుంది, ఒక పక్క గరాటులాగా వెడల్పు. దాన్ని కడుపు మీద ఆనించే ముందు ఆవిడ చీరచెంగుతో గట్టిగా రుద్ది వెచ్చబరిచేవారు. "చల్లటిది తగిలితే లోపల పిల్లాడు ఉలిక్కిపడడూ?" అనేవారు. పిల్లాడికి తెలుస్తుందో లేదో నాకు తెలియదు. తల్లులకు మాత్రం తెలిసేది.

మా అమ్మాయి పుట్టే ముందు ఒక రోజు నాకు బాగా గుర్తు. మా ఆవిడకు నెలలు నిండాయి. పొద్దుటి నుంచీ కడుపులో కదలిక లేదని భయపడితే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డ్యూటీలో ఉన్న చిన్న నర్సు గొట్టం పెట్టి అటు జరిపి ఇటు జరిపి, మొహం పాలిపోయి, బయటికెళ్ళి నర్సమ్మగారిని పిలుచుకొచ్చింది. ఆవిడ రాగానే "ఆ ఫ్యాను కట్టెయ్యండి. ఎవ్వరూ మాట్లాడొద్దు" అన్నారు. వీధిలో వేరుశనక్కాయలవాడు అరుస్తుంటే కిటికీ దగ్గరికెళ్ళి, "ఒరేయ్ నాయనా, ఐదు నిమిషాలు నోరు మూసుకుని నీ కాయలు నువ్వే తిను" అని కేకేశారు. తర్వాత వంగి, చెవి ఆనించి, కళ్ళు మూసుకున్నారు. అంతసేపు ఎవరైనా అలా వినడం నేను మళ్ళీ చూడలేదు. చివరికి కళ్ళు తెరిచి, "ఉంది. ఇదిగో, ఇక్కడ దాక్కుంది దొంగపిల్ల" అన్నారు.

మా ఆవిడ భోరుమంది. నర్సమ్మగారు నన్ను పిలిచి, "రా, నువ్వూ విను" అని గొట్టానికి నా చెవి ఆనించారు. నాకు నా ఒంట్లో రక్తం హోరు తప్ప ఇంకేమీ వినబడలేదు. అయినా తలూపి వినబడిందన్నాను. ఆవిడ నవ్వేసి, "అబద్ధం. నీకేం వినపళ్ళేదు. వినపడ్డవాడి మొహం అలా ఉండదబ్బాయ్" అన్నారు. మా అమ్మాయి పెద్దదైన తర్వాత కూడా కనబడినప్పుడల్లా దాని గడ్డం పట్టుకుని, "మీ అమ్మకన్నా ముందు నిన్ను విన్నది నేనే" అనేవారు. ఊళ్ళో సగం మందికి ఆవిడ చెప్పిన మాటే అది. బస్సులో కండక్టరుకి కూడా చెప్పేవారు.

ఆ ఆస్పత్రిలో ఒక జర్మనీ డాక్టరమ్మ పనిచేసేవారు. ఊరంతా దొరసానమ్మ అనేది. ప్రసూతి పనంతా నర్సమ్మగారు ఆవిడ దగ్గరే నేర్చుకున్నారు. ప్రార్థన మందిరంలో ఒక పాత పియానో ఉండేది, సాయంత్రం డ్యూటీ దిగాక దొరసానమ్మ దాన్ని వాయిస్తుంటే నర్సమ్మగారు గుమ్మంలో కూచుని కట్లు కట్టే గాజుగుడ్డ మడతలు పెట్టేవారట. వయసు మీద పడి దొరసానమ్మ తన దేశం వెళ్ళిపోయారు. తర్వాత ఒక్కసారి అందరినీ చూసి పోదామని వచ్చినప్పుడు నర్సమ్మగారి చేతిలో ఒక కవరు పెట్టారు. అందులో వంద మార్కుల నోట్లు పది. మార్కు అంటే అప్పటి జర్మనీ రూపాయి. "నువ్వు మా ఊరు రావాలి. టిక్కెట్టు నేను పంపిస్తా. దిగిన చోట చేతిలో డబ్బు లేకపోతే కంగారు పడతావు, ఇది దగ్గర ఉంచుకో" అని చెప్పారట.

నర్సమ్మగారు వెళ్ళలేకపోయారు. పాస్‌పోర్టుకి పుట్టిన తేదీ కాగితం కావాలన్నారు. ఊరందరి పిల్లల పుట్టిన వేళలూ రిజిస్టర్లో రాసిన మనిషి దగ్గర తన పుట్టుకకు కాగితం లేదు. దాని కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతుండగానే దొరసానమ్మ పోయినట్టు ఉత్తరం వచ్చింది. నోట్లు కీర్తనల పుస్తకంలో ఉండిపోయాయి.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్పాలి. నేను పుట్టింది రేపల్లెలో, ఉద్యోగం చేసి స్థిరపడింది తెనాలిలో. బ్యాంకులో విదేశీ డబ్బు మార్చే కౌంటరు నాది. ఆ ముక్క నలుగురిలో చెప్పుకోవడం నాకు మహా సరదా. దేశదేశాల పాత నోట్లు, నాణేలు పోగుచేసి ఆల్బం పెట్టే పిచ్చి కూడా ఉంది. యూరప్‌లో చాలా దేశాలు తమ సొంత డబ్బు మానేసి యూరో పెట్టుకున్న కొన్నేళ్ళకు, ఒక రోజు నర్సమ్మగారు రేపల్లె పాసింజరెక్కి నా కౌంటరు ముందుకొచ్చారు. అప్పటికే ఆస్పత్రి మూతబడింది. ఆవిడకు చెవులు సగం పోయాయి. మేనకోడలి ఇంట్లో ఉంటున్నారు. ఊళ్ళో ఎవరు ఏమిచ్చినా పుచ్చుకునే మనిషి కాదు. ఎక్కడో సర్కారు క్యాంపులో ఒక చెవి మిషను ఉచితంగా ఇస్తే అది ఎప్పుడూ కీచుమంటూ ఉండేదట, అవతల పడేశారు.

"ఏంటి నర్సమ్మగారూ, ఇంత దూరం వచ్చారు?" అని కేకేశాను. ఆవిడ కవరు తీసి కౌంటరు మీద పెట్టారు. నీలం రంగు నోట్లు, మడత నలగలేదు. ముందువైపు ఒక ఆడమనిషి బొమ్మ, వెనకవైపు పియానో. "చూశావా, మా దొరసానమ్మ వాయించే పెట్టె దీనిమీద ఉంది" అన్నారు ఆవిడ మురిసిపోతూ. తర్వాత గొంతు తగ్గించాననుకుని, బ్యాంకంతా వినబడేటట్టు, "మంచి చెవి మిషను కొనుక్కుందామని నాయనా. ఆవిడ ఇచ్చింది కాబట్టి ఇది నా డబ్బే, ఎవరి దగ్గరా చెయ్యి చాపినట్టు కాదు. మిషనుకి సరిపోతుందా?" అని అడిగారు.

నా సొరుగులో ఒక సర్క్యులరు ఉంది. మార్కు, ఫ్రాంకు, లీరా, గిల్డరు, ఇలా ఒక వరస పేర్లు రాసి, వీటిని మన కౌంటర్లలో ఇకపై తీసుకోరాదని. అది తీసి ఆవిడకు చూపించాను. "ఇవి చెల్లవండి. ఆ డబ్బు రద్దయిపోయింది. ఇప్పుడంతా యూరో. ఇవి ఉత్త కాగితాలు" అన్నాను. మా కౌంటరు తీసుకోదని ఉంది అందులో. ప్రపంచంలో ఎక్కడా ఎవరూ తీసుకోరని నేను చదువుకున్నాను. బ్యాంకు వాళ్ళం మేము అలాగే చదువుతాం. మా కిటికీ దగ్గర చెల్లనిది ఇంకెక్కడా చెల్లదనుకుంటాం. పై ఆఫీసుకి ఒక ఫోను చేసి ఉంటే తెలిసేది. ఆ ఫోను నేను చెయ్యలేదు. లైనులో ఇంకో నలుగురున్నారు, నాకు భోజనం వేళ అవుతోంది.

నేను చెప్పింది ఆవిడకు రెండుసార్లకు గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక, "పోన్లే నాయనా. నువ్వు చెప్పావంటే అంతే" అని కవరు సంచిలో పెట్టుకున్నారు. నువ్వు చెప్పావంటే అంతే. ఈ మాట నన్ను ఇప్పుడు నిద్రపోనివ్వడం లేదు.

ఆ ఏడాది కోతల పండుగకు నేను రేపల్లె వెళ్ళాను. మా చర్చి సంఘంలో ఆ పండుగకు ఎవరికి పండింది వాళ్ళు గుడికి తెచ్చి దేవుడి ముందు పెడతారు. ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు, గుడ్లు, అరటి గెలలు. ఆరాధన అయ్యాక వాటికి వేలంపాట పెడతారు. పాటలో ధర ఎక్కువ పెట్టి కొనడమే గొప్ప. ఒక్క కోడిగుడ్డు ఐదొందలకు పోతుంది, అందరూ చప్పట్లు కొడతారు. ఆ ఏడాది నర్సమ్మగారు ఆ కవరు పెట్టారు. ప్రతి ఏడూ అరడజను గుడ్లు పెట్టే మనిషి, ఆ ఏడు కోళ్ళకు తెగులొచ్చి చచ్చిపోతే ఒట్టి చేతులతో రాలేక అది తెచ్చారట. పాట పాడేవాడు నోట్లు పైకెత్తి, "జర్మనీ బొమ్మల కాగితాలండీ, చెల్లవు గానీ చూడ్డానికి బాగున్నాయి!" అన్నాడు. నలుగురూ నవ్వారు. నా ఆల్బంలో మార్కులు లేవు. వంద అన్నాను. ఎవరూ పోటీకి రాలేదు. ఆవిడ ముందు బాగుండదని నేనే నా మీద పెంచుకుని మూడొందలకు పాడాను. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో నర్సమ్మగారు పక్కావిడ చెయ్యి లాగి, "ఎంతకు పోయిందే?" అని అడిగారు. ఆమె మూడు వేళ్ళు చూపించింది. "అయ్యో, చెల్లని వాటికి మూడొందలా? మంచివాడు పాపం!" అన్నారు, గుడంతా వినబడేలా.

నేను ఆ మెప్పు కూడా పుచ్చుకుని ఇంటికొచ్చాను.

తర్వాత ఏళ్ళలో ఆవిడకు పూర్తిగా వినికిడి పోయింది. మేనకోడలు ఒక పలక కొని వరండాలో మేకుకి తగిలించింది, దారానికి బలపం కట్టి. ఎవరొచ్చినా దాని మీద రాయాలి. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని దాన్ని గట్టిగా పైకి చదివి, జవాబు చెప్పి, చెంగుతో తుడిచేసేవారు. తన గొంతు తనకు వినబడక వీధి చివరిదాకా వెళ్ళేటట్టు చదివేవారు. పాలవాడు రేపు రానని రాసినా, పక్కింటి కోడలు నెల తప్పిందని రాసినా క్షణంలో వీధంతటికీ తెలిసేది. దానికి అందరూ నవ్వుకునేవారు, నేనూ నవ్వాను. గుళ్ళో మాత్రం నవ్వొచ్చేది కాదు. కీర్తన ఎత్తుకున్నప్పుడు ఆవిడ పక్కవాళ్ళ పెదాలు చూస్తూ పాడేవారు. వాళ్ళు ఆపిన తర్వాత కూడా ఒక ముక్క ఎక్కువ పాడి, అందరూ కూచోవడం చూసి కూచునేవారు.

పోయిన క్రిస్మసుకు బాపట్లలో మా అమ్మాయి ఇంటికెళ్ళాను. అది అక్కడ స్కూల్లో టీచరు. దాని దగ్గర చదువుకున్న చెరుకుపల్లి పిల్ల ఒకతె నర్సింగు చేసి, జర్మన్ నేర్చుకుని, ఇప్పుడు అక్కడే ఆస్పత్రిలో పనిచేస్తోంది. సెలవుకొచ్చి టీచరుని చూడ్డానికి వచ్చింది. జర్మనీ పిల్ల వస్తుందని తెలిసి నేను ఆల్బం పట్టుకెళ్ళాను, గొప్ప చూపించుకోవడానికి. ఆ పిల్ల పేజీ తిప్పి, "అంకుల్, వీటిని ఇంకా మార్చుకోలేదేంటి?" అంది.

"అవి రద్దయిపోయాయమ్మా."

"లేదంకుల్. మార్కులకు గడువు లేదు. అక్కడ వాళ్ళ పెద్ద బ్యాంకు ఎప్పుడు తీసుకెళ్ళినా యూరోలిస్తుంది. మా వార్డులో ఒక ముసలావిడ పోతే ఆవిడ పరుపులో దొరికాయి. మనవడు పట్టుకెళ్ళి మార్చుకొచ్చాడు."

నేను వదల్లేదు. నలభై ఏళ్ళ బ్యాంకు బుర్ర కదా. "ఫ్రాన్సువి చెల్లవు. ఇటలీ లీరాలు చెల్లవు. నాకు తెలుసు" అన్నాను.

"అవి చెల్లవంకుల్, వాళ్ళు గడువు పెట్టి మూసేశారు. ఏ దేశం పద్ధతి ఆ దేశానిది. ఇవి మాత్రం చెల్లుతాయి. ఇవన్నీ కలిపితే ఐదొందల పదకొండు యూరోలు."

మా అమ్మాయి కాఫీ తెచ్చింది. నేను తాగలేకపోయాను. ఆ నోట్లు ఎవరివో దానికి తెలుసు.

ఆ పిల్లకే నోట్లిచ్చి పంపాను. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె వెంటనే, "ఏవండీ, వాళ్ళెప్పుడో మార్చి పంపేదాకా ఎందుకు? మన డబ్బుతో రేపే మిషను కొనేయండి. అవి వచ్చాక సర్దుకోవచ్చు" అంది. ఎంత తేలికైన మాట! నేను వినలేదు. "అది ఆవిడ డబ్బు. ఆవిడ డబ్బుతోనే కొనాలి. మన డబ్బని తెలిస్తే పుచ్చుకోదు" అన్నాను. నిజం అది కాదు. ఒట్టి చేతులతో వెళ్ళి తప్పయిందని చెప్పే ధైర్యం లేక, మిషను చేతిలో పట్టుకుని వెళ్తే ఆ సంతోషంలో నా తప్పు కొట్టుకుపోతుందని చూశాను. అక్కడ ఆ పిల్లకు డ్యూటీలు, మార్చే బ్యాంకు వేరే ఊళ్ళో, సెలవు దొరకాలి. జనవరి పోయింది, ఫిబ్రవరి పోయింది.

మార్చిలో ఇక ఉండబట్టలేక రేపల్లె వెళ్ళాను. నర్సమ్మగారు వరండాలో చేట ముందేసుకుని మినుములు ఏరుతున్నారు. నన్ను చూసి మొహం విప్పారింది. "రా నాయనా, దొంగపిల్ల బాగుందా?" అన్నారు. పక్కనే మేకుకి పలక. నేను దాన్ని తీసుకోలేదు. రాస్తే ఆవిడ పైకి చదువుతారు. బ్యాంకు వాడు తప్పు చెప్పాడని, చెల్లే నోట్లు మూడొందలకు కొట్టేశాడని వీధంతా వింటుంది. ఆ సిగ్గుకు భయపడి, తల వంచుకుని, చేట వైపు చూస్తూ నోటితోనే చెప్పేశాను. కౌంటరు దగ్గర్నుంచి బాపట్ల దాకా, ఒక్కటీ దాచకుండా, క్షమించమని కూడా అన్నాను. తలెత్తేసరికి ఆవిడ నా వైపే చూస్తున్నారు. మెల్లగా తలూపారు. "అలాగే నాయనా, అలాగే. అన్నం తిని వెళ్ళు. మేనకోడలు గోంగూర వండింది" అన్నారు.

ఒక్క ముక్క వినబడలేదు ఆవిడకు. వినబడినవాళ్ళ మొహం అలా ఉండదు. ఒకప్పుడు గొట్టానికి చెవి ఆనించి నేను ఆవిడకు చెప్పిన అబద్ధాన్నే, నా మనసు కష్టపెట్టడం ఇష్టం లేక, ఆవిడ నాకు తిరిగి చెప్పారు. ఆవిడ నా అబద్ధాన్ని అప్పుడే పట్టేశారు. నేను మాత్రం ఆ తలూపడాన్ని క్షమించినట్టే జమ చేసుకుని, గోంగూర అన్నం తిని రైలెక్కాను.

ఏప్రిల్లో డబ్బు వచ్చింది. షాపుకి వెళ్తే, మనిషిని తీసుకొచ్చి పరీక్ష చేయించాలి, మనిషి లేకుండా మిషను ఇచ్చేది లేదన్నారు. సోమవారం తీసుకొస్తానని చెప్పి, ఏ సమయమైతే వీలో ఖాయం చేయడానికి శుక్రవారం మళ్ళీ వెళ్ళాను. అప్పుడే ఫోను మోగింది.

భూస్థాపనకు ఎంతమంది వచ్చారో చెప్పలేను. పొన్నూరు నుంచి, బాపట్ల నుంచి, ఎవరి చేతుల్లో పుట్టారో వాళ్ళని సాగనంపడానికి తల నెరిసినవాళ్ళు కూడా వచ్చారు. కీర్తన పాడి ఆపేశాక అందరం ఒక్క క్షణం అలవాటు కొద్దీ ఆగాం. ఆ ఎక్కువ ముక్క పాడేవాళ్ళు లేరు.

ఇంటికి తిరిగొచ్చాక డబ్బు కవరు మేనకోడలి చేతిలో పెట్టాను. ఏంటండి ఇది అంది. అత్తయ్యదమ్మా అన్నాను. ఇంకేమీ చెప్పలేక వరండాలోకి వచ్చాను. జనం టెంటు కింద టీలు తాగుతున్నారు. పలక మేకుకే ఉంది. దాని మీద, "గ్యాసు బండ ఎల్లుండి వస్తుంది" అని ఎవరిదో రాత. నా జేబురుమాలుతో తుడిచాను. బలపం అందుకుని, "నర్సమ్మగారూ, మీ నోట్లు చెల్లుతాయి. నేనే తప్పు చెప్పాను" అని రాశాను.

రాసి, పలకను మేకుకి తగిలించి, దాని ముందే నిలబడ్డాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకోవడానికి పట్టేంతసేపు. వీధిలో జనం మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఎవరూ దాన్ని పైకి చదవలేదు.